వెలుగు నీడల చిత్రకారుడు రెంబ్రాంటు

హైదరాబాదు నగరమున జూబిలీ హిల్సు అను కొండ ప్రాంతము కలదు. ఒకదానిపై నొకటి పేర్చి పెట్టినట్లుండు పెద్ద పెద్ద రాతిగుండ్లతో నిండిన ఈ కొండలమీద నేడు తెలుగు చలనచిత్ర పరిశ్రమ నెలకొని యున్నది. పూర్వము తెలుగు చిత్రములలో పెక్కు మద్రాసు నగరముననే తయారగుచుండెడివి. 1976వ సంవత్సరమున ప్రసిద్ధ నటుడు అక్కినేని నాగేశ్వరరావు ఈ కొండల యందు అన్నపూర్ణ స్టూడియోను స్థాపించెను. తరువాత పద్మాలయా స్టూడియో, రామానాయుడు స్టూడియో వెలసినవి. ఫిల్మ్‌నగర్ అను పేట యేర్పడినది.

ఈ స్టూడియోలలో చిత్రీకరణ జరుగునపుడు మనము ఒక విశేషమును గమనింపవచ్చును. కొన్ని ఘట్టములలో నటుని ముఖమున ఒక ప్రక్క మాత్రమే వెలుగు నిండుగా పడును. రెండవ ప్రక్క నీడలో నుండును. ఆ నీడలో, కంటి క్రింద, చెంపమీద చిన్న ముక్కోణపు వెలుగు ఒకటి మెరయుచుండును. ఆ చిన్న వెలుగే ముఖమునకు లోతును, భావమునకు గాంభీర్యమును తెచ్చును. ఛాయాగ్రాహకులు దీనిని ‘రెంబ్రాంట్ లైటింగ్’ అందురు.

ఈ రెంబ్రాంటు ఎవరు? ఆయన చలనచిత్రములు పుట్టుటకు రెండు వందల సంవత్సరములకు పూర్వమే మరణించిన డచ్చి చిత్రకారుడు. ఆయన విద్యుద్దీపమును ఎరుగడు. మన దేశమును చూడలేదు. అయినను ఆయన పేరు మన స్టూడియోలవరకు వచ్చినది. అంతేకాదు, ఫిల్మ్‌నగర్ కొండలకు దక్షిణముగా కొద్ది దూరముననే కనబడు గోల్కొండ రాజ్యపు చరిత్రకును, రెంబ్రాంటు జీవించిన ఆమ్‌స్టర్‌డామ్ నగరపు చరిత్రకును దగ్గర సంబంధమున్నది. ఆ కథ ఎట్టిదో తెలిసికొందము.

బాల్యము – విద్య

రెంబ్రాంటు 1606వ సంవత్సరము జూలై 15వ తేదీన హాలండు దేశమునందలి లైడెన్ పట్టణమున జన్మించెను. ఆయన తండ్రి పేరు హార్మెన్. అతనికి రైన్ నది ఒడ్డున గాలిమర ఒకటి యుండెను. గాలి వీచినపుడు దాని రెక్కలు తిరిగి ధాన్యము పిండి యగుచుండెను. ఆ నది పేరే వారి ఇంటిపేరైనది. తల్లి రొట్టెలు కాల్చి అమ్మువారి ఇంటి ఆడపడుచు. ఆ దంపతుల సంతానములో రెంబ్రాంటు తొమ్మిదవ వాడు.

కుమారుడు పెద్ద చదువులు చదివి పట్టణమునకు సేవ చేయవలెనని తల్లిదండ్రులు కోరిరి. లాటిన్ పాఠశాలలో చదివించి, 1620వ సంవత్సరమున లైడెన్ విశ్వవిద్యాలయమున పేరు నమోదు చేయించిరి. అప్పటికి బాలునకు పదునాలుగేండ్లు. కాని వాని మనసు పుస్తకములయందు నిలువలేదు. కుంచె పట్టవలెనని వాని కోరిక. తల్లిదండ్రులు మొదట నిరాశ పడినను బిడ్డ అభిరుచిని గుర్తించి అడ్డు చెప్పలేదు. లైడెన్‌లో స్వానెన్‌బర్గ్ అను గురువు కడ మూడేండ్లును, ఆమ్‌స్టర్‌డామ్‌లో లాస్ట్‌మన్ అను గురువు కడ ఆరు మాసములును అతడు చిత్రకళ నభ్యసించెను.

ఆ కాలమున ఐరోపా చిత్రకారులు ఇటలీ దేశమునకు పోయి, అచటి మహాచిత్రములను చూచి వచ్చుట పరిపాటి. హైగెన్స్ అను రాజోద్యోగి యువకుడగు రెంబ్రాంటు ప్రతిభను చూచి సంతోషించి, ఇటలీకి పొమ్మని సలహా ఇచ్చెను. ఇటలీ చిత్రములు హాలండునందే చూడ దొరకుచున్నవనియు, పని విడిచి పోవుటకు తీరిక లేదనియు రెంబ్రాంటు సమాధానము చెప్పెను. ఆయన తన ఇంటి గదినే పాఠశాలగా చేసికొనెను. అద్దము ముందర నిలిచి నవ్వును, కోపమును, భయమును, ఆశ్చర్యమును అభినయించి, తన ముఖమునే చిత్రించుకొనెను. జీవితమంతయు ఈ అలవాటును మానలేదు. యౌవనము మొదలు వార్ధక్యమువరకు ఆయన చేసిన స్వీయచిత్రములు సుమారు ఎనుబది కలవు. వానిని వరుసగా చూచినచో ఒక మనుష్యుని యాత్మకథ చదివినట్లుండును.

కీర్తి – సంపద

1631వ సంవత్సర ప్రాంతమున రెంబ్రాంటు ఆమ్‌స్టర్‌డామ్ చేరెను. మరుసటి యేటనే ‘డాక్టరు టల్ప్ శరీరశాస్త్ర పాఠము’ అను చిత్రమును వ్రాసి ప్రసిద్ధుడయ్యెను. అంతవరకు ఒక సంఘమువారిని కలిపి చిత్రింపవలసి వచ్చినపుడు చిత్రకారులు వారిని వరుసగా నిలిపెడువారు. రెంబ్రాంటు అట్లు చేయలేదు. వైద్యుడు పాఠము చెప్పుచుండగా, చుట్టును చేరిన శస్త్రవైద్యులలో ఒకడు శవమువంకను, ఒకడు పుస్తకమువంకను, ఒకడు మనవంకను చూచుచుండును. ఒక్క క్షణమున జరిగిన పనిని పట్టి నిలిపినట్లుండును.

1634లో ఆయన సాస్కియా అను యువతిని వివాహమాడెను. 1639లో 13,000 గిల్డరులకు ఒక పెద్ద యిల్లు కొనెను. ఆ దినములలో సాధారణమగు పనివాని యేడాది సంపాదన సుమారు మూడు వందల గిల్డరులు మాత్రమే. మొత్తము సొమ్ము చెల్లింపకయే రెంబ్రాంటు ఇంటిలో ప్రవేశించెను. శిష్యులు పెక్కుమంది వచ్చి చేరిరి. ఆయన సంపాదన అధికము; వ్యయము అంతకన్న అధికము. వేలములకు పోయి విగ్రహములు, ఆయుధములు, గవ్వలు, ఇతర చిత్రకారుల పటములు కొనుచుండెను. ఆ వస్తువులలో తూర్పు దేశపువియు కలవు. అవి ఎట్లు వచ్చెనో చెప్పవలెను.

గోల్కొండ రాజ్యము – డచ్చి వర్తకులు

రెంబ్రాంటు పుట్టిన 1606వ సంవత్సరముననే డచ్చి తూర్పు ఇండియా వర్తక సంఘమువారు గోల్కొండ సుల్తాను అనుమతిని పొంది మచిలీపట్టణమున వర్తకస్థానమును నెలకొల్పిరి. అప్పటి సుల్తాను చార్మినారును కట్టించిన మహమ్మదు కులీ కుతుబ్ షా. డచ్చివారికి ముఖ్యముగా కావలసినవి తెలుగునాటి వస్త్రములు. చిరివేరు ఎరుపును, నీలిమందు నీలమును ఎక్కించి, కలముతో పువ్వులు తీగెలు వ్రాసిన కలంకారీ బట్టలు ఓడలనెక్కి ఆమ్‌స్టర్‌డామ్ చేరెడివి. గోల్కొండ రాజ్యపు గనులలో దొరకిన వజ్రములును సముద్రము దాటెడివి. మచిలీపట్టణమున నేటికిని వలందపాలెము అను పేట కలదు. వలందలనగా డచ్చివారే.

ఇట్లు తూర్పునుండి పోయిన ఓడలలో బట్టలు, సుగంధద్రవ్యములు మాత్రమే కాక, మన చిత్రకారులు వ్రాసిన చిన్న పటములును పోయినవి. జహంగీరు, షాజహాను మున్నగు మొగలు చక్రవర్తుల రూపములు గల ఆ సూక్ష్మచిత్రములు కొన్ని రెంబ్రాంటు కంటబడెను. ఆయన వానిని ఎంతో శ్రద్ధతో, తూర్పు దేశపు నాణ్యమైన కాగితముమీద చూచి వ్రాసికొనెను. అట్లు వ్రాసిన చిత్రములలో ఇరువదిమూడు నేటికిని నిలిచి యున్నవి. అవి సుమారు 1656కును 1661కిని నడుమ వ్రాసినవి.

వానిలో చెట్టుక్రింద కూర్చున్న నలుగురు వృద్ధుల చిత్రమొకటి లండనులోని బ్రిటిష్ మ్యూజియమున నున్నది. దానికి మూలమగు మొగలు చిత్రము వియన్నా నగరమున షోన్‌బ్రున్ రాజభవనపు గోడలో పొదుగబడి యున్నది. రెంబ్రాంటు వ్రాసికొని యూరకుండలేదు. 1656లో అబ్రహాము అను భక్తుడు దేవదూతలకు ఆతిథ్య మిచ్చు కథను రాగిరేకుపై చెక్కునపుడు అతిథులను ఈ వృద్ధులవలెనే నేలపై కూర్చుండబెట్టెను. ఐరోపా ఖండమంతట పేరు గన్న చిత్రకారుడు, ఏబదియేండ్ల వయసున, తనకు పేరైన తెలియని హిందూదేశపు చిత్రకారులకు శిష్యుడయ్యెను. నేర్చుకొనుటకు సిగ్గుపడనివాడే గురువగును.

రాత్రి కావలి

1642వ సంవత్సరము రెంబ్రాంటు జీవితమున మరపురానిది. ఆ యేట ఆయన తన మిక్కిలి ప్రసిద్ధమైన చిత్రమును ముగించెను. ఆమ్‌స్టర్‌డామ్ నగర రక్షకదళము వారు తమ సభాగృహము కొరకు దానిని వ్రాయించిరి. దాని వెల సుమారు 1,600 గిల్డరులు. దళమువారు తలకొక భాగము చెల్లించిరి. రెంబ్రాంటు వారిని వరుసలో నిలుపక, నాయకుడు చేయి సాచి ఆజ్ఞ ఇచ్చుచుండగా దళము కదలబోవు క్షణమును చిత్రించెను. ఒకడు తుపాకి దట్టించుచుండును. ఒకడు పతాక నెత్తుచుండును. నడుమ బంగారు వన్నె దుస్తులలో ఒక బాలిక వెలుగులో మెరయుచుండును.

లోకము దీనిని ‘రాత్రి కావలి’ అని పిలుచుచున్నది. నిజమునకిది రాత్రి కాదు. పై పూత కాలక్రమమున నల్లబడుటచే తరువాతివారు అట్లు భ్రమించిరి. చిత్రమున నాయకుని చేతి నీడ ప్రక్కవాని పసుపు కోటుపై స్పష్టముగా పడుచున్నది. అట్టి నీడ పగటి వెలుగున గాని పడదు. చిత్రము నచ్చక దళమువారు రెంబ్రాంటును తిరస్కరించిరనియు, అదియే ఆయన పతనమునకు మూలమనియు ఒక కథ ప్రచారమున నున్నది. దానికి ఆధారము లేదు. వారు సొమ్ము చెల్లించి, చిత్రమును తమ సభాగృహముననే ఉంచుకొనిరి.

అసలు దుఃఖము ఆయన ఇంటనే యుండెను. సాస్కియాకు కలిగిన నలుగురు బిడ్డలలో ముగ్గురు పసితనముననే మరణించిరి. 1641లో పుట్టిన టైటస్ ఒక్కడే మిగిలెను. 1642 జూన్ నెలలో, ముప్పది యేండ్లయినను నిండకుండ, సాస్కియా కన్ను మూసెను.

కష్టకాలము

గొప్పవారి చరిత్రలలో గుణములను మాత్రమే చెప్పి దోషములను దాచుట తగదు. టైటస్‌ను పెంచుటకు వచ్చిన గీర్ట్యే అను స్త్రీతో రెంబ్రాంటునకు వివాదము పుట్టెను. తన్ను పెండ్లాడెదనని మాట ఇచ్చి తప్పెనని ఆమె న్యాయస్థానమున చెప్పుకొనెను. ఆమెకు భరణమీయవలెనని తీర్పు వచ్చెను. తరువాత 1650లో ఆమెను శిక్షాగృహమున నిర్బంధించుటకు రెంబ్రాంటు సహకరించెను. ఆమె అయిదేండ్లు అచట గడపెను. ఇది ఆయన జీవితమున చెరగని మచ్చ. ఎదుటివారి ముఖములలోని బాధను అంత స్పష్టముగా చూడగలిగిన కన్నులు తాను కలిగించిన బాధను చూడలేకపోయెను.

ఇంతలో ఇంటి అప్పు పెరిగెను. ఇంగ్లండుతో జరిగిన యుద్ధమువలన ఆమ్‌స్టర్‌డామ్ వర్తకము దెబ్బతినెను. నునుపుగా, తళతళలాడు చిత్రములు కావలెనని జనులు కోరుచుండిరి. రెంబ్రాంటు చిత్రములు నానాటికి గరుకైనవి. రంగును ముద్దలుగా పెట్టి, కుంచె వెనుకభాగముతోను కత్తితోను గీకుచుండెను. దగ్గరనుండి చూచినచో రంగుల గుట్టలు; దూరమునుండి చూచినచో ముడుతలు పడిన సజీవమగు చర్మము. జనుల అభిరుచికై ఆయన తన పద్ధతిని మార్చుకొనలేదు.

1656లో అప్పులవారికి సర్వస్వము నొప్పగింపవలసి వచ్చెను. అధికారులు ఆయన ఇంటి వస్తువులను గదిగదికి తిరిగి జాబితా వ్రాసిరి. ఆ జాబితాలో 363 పద్దులు కలవు. అవన్నియు వేలమైనవి. 1658లో ఇల్లును అమ్ముడుపోయెను. మొగలు చిత్రములను చూచి ఆయన వ్రాసికొనినది ఈ దినములలోనే. ఒక ప్రక్క ఇల్లు ఖాళీ యగుచుండగా, మరొక ప్రక్క ఆయన దూరదేశపు చిత్రకారుని గీతను శ్రద్ధతో నేర్చుకొనుచుండెను.

ఆ కష్టములలో హెండ్రికే అను స్త్రీ ఆయనకు తోడుగా నిలిచెను. 1660లో ఆమెయు, టైటస్‌ను కలిసి చిత్రముల వ్యాపారము నడుపుటకు ఒప్పందము వ్రాసికొని రెంబ్రాంటును అందు పనివానిగా చేర్చుకొనిరి. అందువలన ఆయన వ్రాసిన చిత్రములను అప్పులవారు కొనిపోలేకపోయిరి. 1662లో వ్రాసిన ‘వస్త్ర పరీక్షకులు’ అను చిత్రము ఈ కాలపుదే. బట్టల నాణ్యమును నిర్ణయించు అధికారులు లెక్కల పుస్తకము ముందర కూర్చుండి, ఎవరో లోనికి వచ్చినట్లు ఒక్కసారి తలయెత్తి చూచుచుందురు. ఆ వచ్చినది మనమే యనిపించును.

1663లో హెండ్రికే మరణించెను. 1668లో, ఇరువదియారేండ్ల టైటస్ మరణించెను. వృద్ధుడగు రెంబ్రాంటు మాత్రము కుంచె విడువలేదు. ఆ కాలమున వ్రాసిన ‘తప్పిపోయిన కుమారుడు’ అను చిత్రమున, చినిగిన బట్టలతో మోకరిల్లిన కుమారుని వీపుపై వృద్ధుడగు తండ్రి రెండు చేతులు వేసి నిలిచియుండును. వెలుగంతయు ఆ ముఖముమీదను ఆ చేతులమీదను పడుచుండును. 1669 అక్టోబరు 4వ తేదీన రెంబ్రాంటు కన్ను మూసెను. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక దేవాలయమున, పేరైన చెక్కని అద్దె సమాధిలో ఆయనను ఉంచిరి.

లోకమునకు మిగిలినది

ఆయన వదలిపోయినది ధనము కాదు, చిత్రములు. సుమారు మూడు వందల తైలవర్ణ చిత్రములు, దాదాపు అన్నియే రాగిరేకు ముద్రలు, పెక్కు గీతాచిత్రములు నేడు ఆయనవిగా గుర్తింపబడినవి. రాగిరేకు ముద్రల విధానము వినదగినది. రేకుపై మైనపు పూత పూసి, సూదితో బొమ్మ గీయుదురు. రేకును ఆమ్లమున ముంచినపుడు మైనము తొలగిన గీతలు మాత్రమే గాడులుగా పడును. ఆ గాడులలో సిరా నింపి తడికాగితముపై అచ్చు ఒత్తుదురు. ఒక రేకునుండి పెక్కు ప్రతులు వచ్చును గనుక ధనికులు కానివారును ఆయన కళను ఇంటికి తీసికొనిపోగలిగిరి. శిష్యుల చిత్రములును గురువు పేరుతో చలామణి యగుచుండుటచే, ఏవి నిజముగా ఆయనవో తేల్చుటకు 1968లో హాలండు పండితులు గొప్ప పరిశోధన ప్రారంభించి పెక్కేండ్లు సాగించిరి.

‘రాత్రి కావలి’ని 1715లో మరొక భవనమునకు మార్చునపుడు, గోడకు సరిపోలేదని నాలుగు ప్రక్కల కోసివేసిరి. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున దానిని చుట్టచుట్టి గుహలలో దాచిరి. 2019లో ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియమువారు ప్రేక్షకుల కన్నులయెదుటనే దాని పరిశోధనను మొదలుపెట్టిరి. కోసిన భాగములు ఎట్లుండెడివో పాత ప్రతియొకటి చూచి, కంప్యూటరు సాయమున 2021లో తిరిగి రూపొందించిరి. ఇల్లమ్ముకొనిన రెంబ్రాంటు ఇంటినే 1911లో ప్రదర్శనశాలగా తెరచిరి. 1885లో మరొక డచ్చి చిత్రకారుడగు విన్సెంట్ వాన్‌గో రెంబ్రాంటు వ్రాసిన ‘యూదుల పెండ్లికూతురు’ చిత్రము ముందు చాలసేపు కూర్చుండి, ఎండు రొట్టెముక్క తిని పదునాలుగు దినములు దానియెదుట గడపగలిగినచో పదేండ్ల ఆయువునైన ఇచ్చెదనని మిత్రునితో చెప్పెనట.

చలనచిత్రములోనికి ఆయన పేరు వచ్చిన కథ వినోదకరముగ నుండును. 1915 ప్రాంతమున అమెరికా దర్శకుడు సిసిల్ డిమిల్ ఒక చిత్రమున నటుల ముఖములను సగము వెలుగులోను, సగము నీడలోను చూపెను. సగము ముఖమే కనబడినచో ప్రదర్శకులు సగము సొమ్మే ఇత్తురని వ్యాపార భాగస్వాములు బెదరిరట. ఇది రెంబ్రాంటు పద్ధతి యని డిమిల్ చెప్పగానే, అట్లయిన రెట్టింపు సొమ్ము అడుగుదుమని సంతోషించిరట. నాటినుండి ఛాయాగ్రాహకులు ఆయన చిత్రములను పాఠములుగా చూచుచున్నారు. రంగులు లేని కాలమున వెలుగు నీడలే తెలుగు చిత్రములకు రంగులు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో మార్కస్ బార్‌ట్లీ సృష్టించిన వెన్నెలను చూచినవారు దానిని మరువలేరు.

విద్యార్థులారా! దీపములు వేయుట తెలిసినంత మాత్రమున చిత్రము కాదు. దేనిని వెలుగులో నిలుపవలెనో, దేనిని నీడకు విడువవలెనో తెలియుటయే కళ. రెంబ్రాంటు రాజుల కిరీటములకన్న వృద్ధుల ముడుతలపై ఎక్కువ వెలుగు ప్రసరింపజేసెను. తన ముఖమును చిత్రించుకొనునపుడును ముడుతలను దాచలేదు. ఇంకెప్పుడైన వెండితెరపై సగము వెలిగిన ముఖము కనబడినపుడు, అప్పులవారు ఇల్లు ఖాళీ చేయించుచుండగా మన దేశపు చిన్న పటమును ముందుంచుకొని గీతలు దిద్దుచున్న ఆ డచ్చి చిత్రకారుని ఒక్కసారి తలచుకొనుడు.

ప్రశ్నలు

1. ‘రెంబ్రాంట్ లైటింగ్’ అనగానేమి?
2. ‘రాత్రి కావలి’ చిత్రము రాత్రి దృశ్యము కాదని ఎట్లు చెప్పగలము?
3. గోల్కొండ రాజ్యమునకును డచ్చివారికిని గల వర్తక సంబంధమును వివరింపుడు.
4. రాగిరేకు ముద్రలను ఎట్లు తయారు చేయుదురు? వానివలన ప్రజలకు కలిగిన మేలు ఏమి?
5. రెంబ్రాంటు జీవితమున మీకు మెచ్చదగినదియు, మెచ్చరానిదియు ఏవి? కారణములతో వ్రాయుడు.